సోవియట్ కాలపు గోడ మొజాయిక్‌లు: గుర్తించడం నుంచి కాపాడుకోవడం దాకా, తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకప్పటి సోవియట్ నగరాలైన తాష్కెంట్, బిష్కెక్, త్బిలిసి, అల్మాటీల్లో వైద్యం చదువుకుంటున్న మన పిల్లలు, ఆ వైపు తిరిగొచ్చినవాళ్లు, ఇక్కడి ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఈ గోడబొమ్మల గురించి దాదాపు ఒకే రకం సందేహాలు అడుగుతుంటారు. వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న జవాబు దానికే పూర్తి కాబట్టి కావాల్సింది చదువుకుని మిగతావి వదిలేయొచ్చు. కొన్ని సంగతులు రెండుచోట్ల కనబడితే అందుకే.

## చూడగానే వచ్చే ప్రశ్నలు

మొజాయిక్ అంటే మన పాత ఇళ్లలో ఉండే మొజాయిక్ గచ్చేనా?

కాదు. మన గచ్చు చలువరాతి పలుకుల్ని సిమెంటులో కలిపి పోసి, గట్టిపడ్డాక మిషన్‌తో అరగదీసి మెరుగుపెట్టినది. దాని అసలు పేరు టెర్రాజో. అందులో ఏ పలుకు ఎక్కడ పడుతుందో ఎవరూ ముందుగా అనుకోరు. సోవియట్ గోడల మీద ఉన్నది ఒక్కో ముక్కా ఎంచి, కోసి, చేత్తో పేర్చి కట్టిన బొమ్మ. డాబా మీద వేడి తగ్గడానికి పగిలిన పింగాణీ టైల్స్ పరిచే చైనా మొజాయిక్‌తో దీనికి కొంత చుట్టరికం ఉంది.

గోడమీద ఉన్నది మొజాయిక్కా, రంగా, ఇంకేదైనానా? దూరం నుంచి తెలియడం లేదు.

పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి. మొజాయిక్ అయితే ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో కోణంలో మెరుస్తాయి, మధ్యలో సందులు కనబడతాయి. గీతలు గోడలోకి దిగి, రెండు మూడు రంగుల పొరలు మెట్లుగా కనిపిస్తే అది స్గ్రఫీటో: రంగు గారలు ఒకదానిమీద ఒకటి వేసి, పై పొర తడిగా ఉండగానే గీకి బొమ్మ తీస్తారు. అల్మాటీలో 1964 నాటి త్సెలీన్నీ సినిమా హాల్లో యెవ్‌గేనీ సిదోర్కిన్ చేసిన స్గ్రఫీటో ఏళ్ల తరబడి జిప్సం బోర్డుల వెనక దాగి ఉండి 2018లో బయటపడింది. ఈ తేడా తెలియడం అవసరం. మొజాయిక్‌ను కడిగినట్టు స్గ్రఫీటోను కడిగితే బొమ్మే పోతుంది.

ఏ ముక్కలతో కట్టారు?

ఒకే గోడలో మూడు నాలుగు రకాలు ఉండొచ్చు.

అన్నింటికన్నా ఖరీదైనది స్మాల్టా, అంటే లోహాల ఆక్సైడ్లతో రంగు పట్టించి పలకలుగా పోసి కొట్టిన, వెలుతురు దూరని గాజు. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలం నుంచీ ఉన్నదే. రష్యాలో దీన్ని 18వ శతాబ్దంలో మళ్లీ నిలబెట్టింది శాస్త్రవేత్త లొమొనోసోవ్. విరిగిన అంచు నిగనిగలాడుతుంది, రంగు లోపలిదాకా ఒకటే. రెండోది ఫ్యాక్టరీలో అచ్చుపోసిన, సుమారు 2 సెం.మీ. చదరపు గాజు బిళ్ల. కాగితానికి అతికించి చాపల్లా వచ్చేది. మూడోది పింగాణీ, భవనాల ముఖాలకు వేసే పలకనే సుత్తితో కొట్టి వాడేవారు. దీనికి రంగు పైపూతలోనే ఉంటుంది, పూత లేస్తే లోపల ఇటుక రంగు మట్టే. వీటితోపాటు గ్రానైట్, చలువరాయి, నదిలో దొరికే గులకరాళ్లు కూడా కనిపిస్తాయి.

ఇన్ని మొజాయిక్‌లు ఎందుకు పెట్టారు? అంతా ప్రచారమేనా?

ప్రచారం ఉంది, కానీ అదొక్కటే కాదు. 1955 నవంబరులో కట్టడాల్లో ‘అతి’ని తొలగించాలని పార్టీ, ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చాయి. స్తంభాలు, నగిషీలు, గోపురాలు పోయి ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలతో ఒకేలాంటి ఇళ్లు లేచాయి. ఆ ఇళ్ల చివర కిటికీల్లేని పెద్ద ఖాళీ గోడలు మిగిలాయి. వాటిని నింపడానికి అనుమతి ఉన్న చౌకైన, మన్నికైన దారి మొజాయిక్. పని కళాకారుల సంఘాల నిధి కిందున్న ప్రభుత్వ వర్క్‌షాపుల ద్వారా వచ్చేది. నమూనాను కమిటీ ఒప్పుకోవాలి. అయినా మాస్కోకు దూరంగా ఉన్న ఊళ్లలో, బస్టాపుల మీద, చేపల దుకాణాల మీద, బడుల మీద కళాకారులకు చాలా స్వేచ్ఛ దొరికింది. జానపద నేత అల్లికలు, పత్తి చేలు, పరమాణువులు, ఈతగాళ్లు, పిట్టలు అన్నీ అక్కడున్నాయి. మాస్కోలోని రాదుగ, ప్రగతి ప్రచురణాలయాలు తెలుగులో వేసిన పిల్లల పుస్తకాల బొమ్మలు గుర్తున్నవాళ్లకు ఈ గోడలు పాత చుట్టాల్లా అనిపిస్తాయి.

ఒక్కసారి వెళ్తే ఏవి చూడాలి?

మాస్కో మెట్రోలో మయకోవ్‌స్కయా స్టేషను (1938). చిత్రకారుడు దెయ్‌నెకా గీసిన నమూనాలకు వ్లదీమిర్ ఫ్రలోవ్ వర్క్‌షాపు కట్టిన 34 పైకప్పు బొమ్మలు అక్కడున్నాయి, తలెత్తి చూడాలి. తాష్కెంట్‌లో 1966 భూకంపం తర్వాత లేచిన నివాసాల మీద ఝార్‌స్కీ సోదరుల పని. జార్జియాలోని బతూమి సముద్రతీరంలో ఆక్టోపస్ ఆకారపు ఫంతాజియా కేఫ్. బెలారస్ రాజధాని మిన్స్క్‌లో ఎత్తైన నివాస భవనాల పక్క గోడలమీద కళాకారుడు కిష్చెంకో చేసిన భారీ బొమ్మలు. సోవియట్ సరిహద్దు దాటితే ఒకప్పటి తూర్పు బెర్లిన్‌లో ఉపాధ్యాయుల భవనం చుట్టూ పట్టీలా తిరిగే, కళాకారుడు వాల్టర్ వొమాకా చేసిన బొమ్మ: 7 మీటర్ల ఎత్తు, 125 మీటర్ల పొడవు, సుమారు 8 లక్షల ముక్కలు.

## కట్టిన తీరు

అంత ఎత్తున ముక్కలు ఎలా అతికించారు?

మూడు పద్ధతులు. మొదటిది నేరుగా పేర్చడం: పరంజా మీద నిలబడి, ఆ రోజు పూర్తి చేయగలిగినంత మేరకే తడి గార వేసి, ముక్కను గుచ్చుకుంటూ పోతారు. ముఖాలు, చేతులు ఎక్కువగా ఇలాగే చేశారు. ముక్కల్ని కొంచెం వంచి పెడితే వెలుతురు ఆడుతుంది.

రెండోది తిరగేసి పేర్చడం. బొమ్మను అద్దంలో కనిపించినట్టు కుడిఎడమలు మార్చి గట్టి కాగితం మీద గీస్తారు. ముక్కల ముఖాన్ని నీటిలో కరిగే జిగురుతో ఆ కాగితానికి అతికిస్తారు. కాగితాన్ని ముక్కలుగా కోసి, అంకెలు వేసి, గోడమీది తడి గారకు అదిమి, గార పట్టాక కాగితం తడిపి లాగేస్తారు. పై ముఖం చదునుగా ఉండి, బొమ్మలో సూటి గళ్ల వెంట సన్నటి అతుకులు కనిపిస్తే ఈ పద్ధతే.

మూడోది తాష్కెంట్‌లో వాడినది. ఇళ్ల పలకలు పోసే ఫ్యాక్టరీలోనే అచ్చు అడుగున ముక్కల్ని బోర్లా పరిచి పైన కాంక్రీటు పోశారు. బొమ్మ గోడకు అతికించింది కాదు, గోడతోనే పుట్టింది. అందుకే అవి గట్టిగా నిలిచాయి. అందుకే వాటిని గోడ నుంచి వేరు చేయడం కూడా దాదాపు అసాధ్యం.

చదరపు మీటరు ఎంత బరువు ఉంటుంది?

1 సెం.మీ. మందం గాజు ముక్కలు సుమారు 25 కిలోలు, కింద 3 సెం.మీ. గార సుమారు 60 కిలోలు. కలిపి 85 కిలోల దరిదాపు. 100 చదరపు మీటర్ల గోడబొమ్మ అంటే ఎనిమిదిన్నర టన్నులు. ‘ఊడదీసి మ్యూజియంలో పెట్టేయండి’ అనేవాళ్లకు ముందు ఈ లెక్క చూపించాలి.

## పాడవుతున్నప్పుడు

గాజు ముక్క చెక్కుచెదరలేదు, మరి బొమ్మ ఎందుకు రాలుతోంది?

జబ్బు ముక్కలో లేదు, వెనక ఉంది. గోడకు కొక్కేలు దిగ్గొట్టి, వాటికి ఇనుప జాలీ కట్టి, దాని మీద గార వేసి ముక్కలు పేర్చిన పనులు చాలా ఉన్నాయి. పైకప్పు పిట్టగోడ మీద వేసిన రేకు ఊడినా, వాన నీటి గొట్టం పగిలినా నీరు బొమ్మ వెనకనుంచి దిగుతుంది. అప్పుడు రెండు పనులు జరుగుతాయి. చలికాలంలో నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఉష్ణోగ్రత సున్నా దగ్గర పైకీ కిందికీ ఊగే ఊళ్లలో ఒక్క శీతాకాలంలోనే ఇది ఎన్నోసార్లు జరుగుతుంది, ప్రతిసారీ గార గోడనుంచి వెంట్రుకవాసి విడుతుంది. రెండోది తుప్పు. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్లు చోటు కావాలి, ఆ చోటు కోసం గారను ముందుకు నెడుతుంది. బొమ్మ మీద గీత గీసినట్టు సూటిగా గోధుమరంగు మరక కనిపిస్తే లోపల జాలీ తీగ ఉందనే అర్థం.

కాబట్టి మొజాయిక్ మరమ్మతు పైకప్పు దగ్గర మొదలవుతుంది. పిట్టగోడ రేకు, నీటి గొట్టాలు, కిటికీ చూరులు సరిచేయకుండా ముక్కలు అతికించడం డబ్బు దండగ.

ముక్కల మధ్య తెల్లగా చౌడు పొక్కింది. తుడిచేస్తే చాలా?

తుడిస్తే వారంలో మళ్లీ వస్తుంది. సిమెంటులో, ఇటుకలో ఉన్న లవణాలు నీటితోపాటు బయటికొచ్చి ఆరినచోట పేరుకుంటున్నాయి. నీటి దారి మూసి, గోడ ఆరేదాకా ఆగి, అప్పుడు పొడి కుంచెతో దులపాలి. తడిగుడ్డ వద్దు, లవణం కరిగి మళ్లీ లోపలికి పోతుంది.

వేలితో తడితే డొల్ల శబ్దం వస్తోంది. ఇవాళో రేపో పడిపోతుందా?

అలా అని చెప్పలేం. అంచులన్నీ గట్టిగా పట్టుకుని ఉంటే అరచేయంత డొల్ల ఏళ్లు నిలుస్తుంది. భయపడాల్సింది మూడు చోట్ల: డొల్ల బొమ్మ అంచుదాకా వచ్చినప్పుడు, డొల్ల చుట్టూ పగులు గీత ఉన్నప్పుడు, చేత్తో మెల్లగా అదిమితే కదిలినప్పుడు. చెక్క పిడితో ప్రతి 10 సెం.మీ.కు ఒకసారి తట్టి, డొల్ల హద్దును ఫొటో ప్రింటు మీద గుర్తించండి. ఆరు నెలల తర్వాత మళ్లీ తట్టి రెండు గీతలూ పోల్చండి. హద్దు పెరిగితే ఆగకూడదు. గోడ కింద జనం నడిచే దారి ఉంటే, పెరిగినా పెరగకపోయినా, ముందు కంచె కట్టాలి.

భవనానికి చలి ఆపే థర్మాకోల్ పొర వేస్తామంటున్నారు. కింద మొజాయిక్ భద్రంగానే ఉంటుంది కదా?

ఉండదు. ఈ రోజుల్లో బొమ్మలు ఎక్కువగా మాయమవుతున్నది ఈ పనిలోనే. ఆ పొరను ముందు సిమెంటు జిగురుతో గోడకు అతికిస్తారు, తర్వాత చదరపు మీటరుకు ఐదారు గొడుగు మేకులు దిగ్గొడతారు. అంటే ప్రతి మీటరులో ఐదారు రంధ్రాలు, మిగతాచోట ముక్కల్ని పట్టి వదలని జిగురు. పైగా పొర వెనక తేమ చిక్కుకుంటుంది. తర్వాత తీయాలన్నా జిగురుతో పాటే ముక్కలు వస్తాయి.

అక్కడి నివాసులు చలికి ఓర్చుకోవాలని ఎవరూ అనకూడదు, అది న్యాయం కాదు. దారులున్నాయి: బొమ్మ ఉన్న గోడకు లోపలివైపు పొర వేయడం, కిటికీలు, పైకప్పు, మిగతా మూడు గోడలకు ముందు వేసి ఆ ఒక్క గోడనూ వదలడం. లోపల వేసేటప్పుడు ఆవిరి అడ్డుపొర మరిచిపోతే గది గోడ బూజు పడుతుంది.

## నమోదు చేసేటప్పుడు

ఫోన్‌లో ఒక ఫొటో తీస్తే చాలదా?

ఏమీ లేనిదానికంటే మేలు. కానీ రేపు బొమ్మ పోతే ఆ ఫొటోతో మళ్లీ కట్టలేరు. ఇలా చేయండి. మబ్బు పట్టిన రోజు, నీడలు లేకుండా, గోడకు ఎదురుగా నిలబడి ఎడమనుంచి కుడికి నడుస్తూ తీయండి. పక్కపక్క ఫొటోలు కనీసం 60 నుంచి 80 శాతం ఒకదానిమీద ఒకటి పడాలి. అప్పుడే ఫొటోగ్రామెట్రీ సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి కొలతలతో కూడిన ఒకే బొమ్మ చేస్తుంది. కొలబద్ద, రంగుల కార్డు కనీసం మొదటి ఫొటోలోనైనా ఉండాలి. తర్వాత చిన్నవి: పగుళ్లు, అంచులు, సంతకం, ఒక్కో రకం ముక్కకు ఒక దగ్గరి ఫొటో. భవనం చిరునామా, తేదీ, గోడ ఏ దిక్కుకు ఉందో రాసిపెట్టండి. ఉత్తరం గోడా దక్షిణం గోడా పాడయ్యే తీరు ఒకటి కాదు.

చేతికి అందే భాగంలో పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, మార్కరుతో ఒక్కో ముక్క అంచు గీసుకునే పాత పద్ధతి ఇప్పటికీ సాటిలేనిది.

ఎవరు చేశారో బోర్డు లేదు. ఎలా కనుక్కోవాలి?

కింది కుడి మూల చూడండి, ముక్కలతోనే పొడి అక్షరాలు, సంవత్సరం పేర్చి ఉండొచ్చు. లేకపోతే ఆ ఊరి కళాకారుల సంఘం పాత కాగితాలు, కళానిధి వర్క్‌షాపుల ఒప్పందాలు, భవనం ప్రారంభమైన వారం స్థానిక పత్రిక. ఒక్కపేరు దొరికితే సంబరపడి ఆగకండి. నమూనా గీసినవారు, పేర్చినవారు వేర్వేరు మనుషులు కావడం మామూలే.

కింద రాలిన ముక్కలు గుర్తుగా తెచ్చుకోవచ్చా?

వద్దు. ఎక్కడ రాలాయో రాసి, తేదీ వేసి, సంచిలో కట్టి భవనం చూసుకునేవాళ్లకు ఇవ్వండి. ఆ రంగు గాజు మళ్లీ పోయించడం కష్టం, ఒక్కో ముక్కా అసలు మరమ్మతుకు సామాను.

## శుభ్రం, మరమ్మతు

యాసిడ్‌తో కడిగితే కొత్తదానిలా మెరుస్తుందట, నిజమేనా?

రెండు రోజులు మెరుస్తుంది. బాత్‌రూమ్ యాసిడ్ గాజును పెద్దగా ఏమీ చేయదు, కానీ ముక్కల మధ్య సిమెంటును కరిగిస్తుంది, లోపలి జాలీని తుప్పు పట్టిస్తుంది, క్లోరైడ్ లవణాలు వదిలిపోతుంది. ఇసుక కొట్టడం, ఎక్కువ ఒత్తిడి నీటి జెట్ కూడా వద్దు, వదులైన ముక్కలు ముందు లేచిపోతాయి.

మెత్తని కుంచె, వాక్యూమ్, ఆ తర్వాత లవణాలు లేని నీటిలో కొద్దిగా నాన్ అయానిక్ డిటర్జెంట్, స్పాంజి. ముందు 10 సెం.మీ. చదరంలో చేసి, ఆరేదాకా చూసి, మిగతాది. వాహనాల పొగకు పట్టిన నల్లటి జిప్సం పొర ఇలా రాదు. దానికి అమ్మోనియం కార్బొనేట్ ద్రావణంలో తడిపిన కాగితపు గుజ్జు పట్టు వేస్తారు. అది నిపుణుల పని. రాగి, ఇత్తడి ఉన్నచోట అసలు వేయకూడదు.

ఒక మూల ఊగుతోంది. నిపుణులు వచ్చేలోపు ఏం చేయాలి?

పొడిగా ఉన్నరోజు దుమ్ము దులిపి, సన్నటి నూలు గాజుగుడ్డను పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్‌తో ముక్కల ముఖానికి అతికించాలి. రెసిన్ అసిటోన్‌లో కరుగుతుంది కాబట్టి తర్వాత అదే అసిటోన్‌తో తీసేయొచ్చు. గుడ్డ గట్టి భాగం మీదికి కనీసం ఒక జానెడు పోవాలి, లేకపోతే గుడ్డతో సహా పడుతుంది. తెరుచుకున్న అంచును సున్నపు గారతో ఏటవాలుగా మూయాలి. ఫెవికాల్, సిలికాన్, ఎంసీల్ లాంటివి ముట్టుకోవద్దు.

డొల్లలోకి సిమెంటు పాలు పోస్తే గట్టిపడదా?

గట్టిపడుతుంది, అదే ఇబ్బంది. సిమెంటు పాత గారకన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు, లవణాలు తెస్తుంది. తర్వాతి పగులు దాని చుట్టూ వస్తుంది. ఎపాక్సీ ఇంకా మొండిది, మళ్లీ తీయడానికి ఉండదు.

వాడాల్సింది లవణాలు తక్కువున్న హైడ్రాలిక్ సున్నం (నీటితో కలిసి గట్టిపడే రకం), మెత్తటి చలువరాతి పొడి కలిపిన పలచని గార. ముక్కల మధ్య సందులోనే 3 నుంచి 5 మి.మీ. రంధ్రం వేయాలి, ముక్కను తొలచకూడదు. లోపలి దుమ్మును నీళ్లు, స్పిరిటు కలిపి కడగాలి. సిరంజితో కిందినుంచి పైకి, ఒత్తిడి లేకుండా నింపాలి. పై రంధ్రంలోంచి గార కనబడగానే ఆపాలి. ఎక్కువ తోస్తే బొమ్మ పొట్ట ఉబ్బుతుంది. మెత్త వేసిన పలకతో ఎదురు దన్ను పెట్టి ఆరనివ్వాలి. 5 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఈ పని మొదలెట్టకూడదు.

పోయిన ముక్కల చోట కొత్తవి పెట్టొచ్చా?

పాత ఫొటోనో, అసలు నమూనానో ఉంటే పెట్టొచ్చు. ఊహించి పెట్టకూడదు. 1964 వెనిస్ ఒప్పందం చెప్పేది ఇదే: కొత్తది పాతదాంతో కలిసిపోవాలి, అయినా దగ్గరగా చూస్తే కొత్తదని తెలియాలి. నీలం ఆకాశం మధ్యలో చిన్న ఖాళీ అయితే అదే రంగు ముక్కలు పెడితే చాలు. ముఖం పోతే, ఆధారం లేకపోతే, చుట్టూ రంగుకు దగ్గరి సున్నపు గారతో లోతు తగ్గించి వదిలేయడమే మర్యాద. ఖాళీకి రంగు పూసి ముక్కల్లా గీతలు గీసే పని చాలాచోట్ల కనిపిస్తుంది. రెండు వానలకు రంగు పోయి, బొమ్మకు మచ్చ మిగులుతుంది.

భవనం కూల్చేస్తున్నారు. బొమ్మను తీసి వేరేచోట పెట్టొచ్చా?

వేరే దారి లేనప్పుడే. జర్మనీలోని ఎర్ఫుర్ట్‌లో స్పెయిన్ కళాకారుడు జోసెప్ రెనావ్ నమూనాతో 1984లో అమర్చిన బొమ్మ దీనికి మంచి ఉదాహరణ. సుమారు 30 మీటర్ల పొడవు, 7 మీటర్ల ఎత్తు, 70 వేల గాజు పలకలు. అదున్న సాంస్కృతిక భవనం 2012లో కూలింది. అంతకుముందే బొమ్మను విడదీసి దాచారు, 2019లో అదే కూడలిలో విడిగా నిలబెట్టిన గోడకు మళ్లీ ఎక్కించారు. అంటే మధ్యలో ఏడేళ్లు. చాలా బొమ్మలు ఆ ఏడేళ్లలోనే గోదాములో పోతాయి.

పని ఇలా ఉంటుంది: ముఖానికి గుడ్డ అతికించడం, రంగు హద్దుల వెంట అర నుంచి ఒక చదరపు మీటరు తునకలుగా కోయడం, ప్రతి తునక మీదా అంకె, పైకి చూపే బాణం గుర్తు వేయడం, వెనకనుంచి గార పలచబరచడం, అల్యూమినియం తేనెతుట్టె పలక మీద కొత్తగా కూర్చోబెట్టడం. కాంక్రీటుతోపాటు పోసిన బొమ్మ అయితే మొత్తం పలకనే క్రేన్‌తో దించాలి.

## గుర్తులు, యుద్ధం, చట్టం

కొడవలి సుత్తి ఉంటే చట్టం ప్రకారం కొట్టేయాల్సిందేనా?

దేశాన్ని బట్టి. ఉక్రెయిన్ 2015 చట్టం బహిరంగ స్థలాల్లో సోవియట్ చిహ్నాలను నిషేధించింది, కానీ చట్టం రాకముందు చేసిన కళాకృతులకు మినహాయింపు ఇచ్చింది. గోడమీది మొజాయిక్ కళాకృతా, ప్రచార పటమా అన్న వాదన ఊరూరా నడిచింది. కొన్నిచోట్ల ఆ ఒక్క గుర్తును మూసి మిగతాది ఉంచారు. అది మరీ చెడ్డ రాజీ కాదు, ఎప్పుడైనా తీయగలిగిన పలకతో మూస్తే. ఉలితో చెక్కితే తిరుగు లేదు. చాలా గోడలమీద అసలు ఏ రాజకీయ గుర్తూ లేదన్నది వాదనల్లో మరుగునపడే సంగతి.

వీటిని చేసినవాళ్లంతా ప్రభుత్వ కళాకారులేగా, ఎందుకు బాధపడాలి?

అల్లా హోర్‌స్కా పేరు తెలుసుకోండి. ఉక్రెయిన్‌లో అసమ్మతి గొంతుల్లో ఆమెది ముఖ్యమైనది, 1970 నవంబరులో హత్యకు గురైంది. బతుకుతెరువుకు కట్టినవి ప్రభుత్వ భవనాల మొజాయిక్‌లే. 1967లో మరియుపోల్‌లో తోటి కళాకారులతో కలిసి చేసిన ‘బతుకు చెట్టు’, ‘డేగ’ బొమ్మలు 2022 రష్యా దాడిలో దెబ్బతిన్నాయి. సోవియట్ గోడ అనగానే అది రాజ్యం గొంతే అనుకుంటే ఇలాంటివాళ్ల పని కూడా కొట్టుకుపోతుంది.

భవనం ప్రైవేటువాళ్ల చేతికి వెళ్లింది. ఎవరిని అడగాలి?

ముందు యజమానిని. మిగతావారందరూ ఆ తర్వాతే. కూల్చే ఆలోచన ఉన్న యజమానికి ముందే పత్రికలో వార్త కనబడితే రాత్రికి రాత్రి గోడ ఖాళీ అవుతుంది. మాటలు సాగుతుండగానే ఫొటోలు, కొలతలు పూర్తిచేసి, ఊరి వారసత్వ శాఖకు నమోదు కోసం అర్జీ పెట్టాలి. అర్జీలో బొమ్మతోపాటు గోడ, భవనం ముఖం కూడా రాయాలి. బొమ్మ ఒక్కటే రక్షిత జాబితాలో ఉంటే దానికి అడ్డంగా ఏసీ యంత్రాలు, ప్రకటన బోర్డులు పెడతారు.

మన దగ్గర పాత భవనాల మీది టైల్ బొమ్మలకు ఇవన్నీ పనికొస్తాయా?

చాలావరకు. ఆంధ్రలో, తెలంగాణలో నీరు గడ్డకట్టదు, కాబట్టి ఒక బెడద లేదు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఇనుప జాలీని అక్కడికన్నా త్వరగా తింటుంది. మండుటెండలో కాలే గోడమీద హఠాత్తుగా వాన పడితే ముక్క, గార వేర్వేరుగా కుంచించుకుంటాయి. పిట్టగోడ సందుల్లో రావి మొక్క ఇక్కడి అదనపు శత్రువు. పైపైన పీకితే మళ్లీ మొలుస్తుంది, గట్టిగా లాగితే గారతో వస్తుంది. కాండం కోసి, కోసినచోట కలుపుమందు పూసి, వేరు ఎండాక సందును సున్నపు గారతో మూయండి. సున్నం పని ఎండాకాలం నడినెత్తిన చేయొద్దు. తడి గోనెపట్టా కప్పి మెల్లగా ఆరనివ్వాలి.